మీ తెర మీద ఒక అంకె, డ్రైవరు తెర మీద ఇంకో అంకె

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మాదాపూర్‌లో ఉద్యోగం, కొత్తపేటలో ఇల్లు. పొద్దున పది దాటాక క్యాబ్ యాప్‌లో 380 రూపాయలు చూపించిన కారు, సాయంత్రం ఏడింటికి అదే దారికి 690 అడుగుతోంది. వాన పడిన రోజు 900 దాటింది. పక్కనే నిలబడ్డ మీ సహోద్యోగి ఫోనులో 70 రూపాయలు తక్కువ కనిపించింది. ఫోను ఖరీదైనదైతే ఎక్కువ అడుగుతారా, బ్యాటరీ తగ్గితే ఎక్కువ అడుగుతారా, ఇది పట్టపగలు దోపిడీ కాదా అన్నారు. చివర్లో, డ్రైవర్లంతా కుమ్మక్కయ్యారని కూడా ఒక మాట వేశారు. ఆ మాటకు నొచ్చుకోలేదు కానీ, జవాబు ఇవ్వాలనిపించింది. ఎందుకంటే నేను ఆ డ్రైవర్లలో ఒకణ్ని.

2015లో అప్పు చేసి కారు కొని యాప్‌కు అటాచ్ చేశాను. ఏడేళ్లు హైదరాబాద్‌లో నేనే నడిపాను. నడుము మొరాయించాక స్టీరింగ్ వదిలేశాను. ఇప్పుడు మూడు కార్లున్నాయి, ముగ్గురు కుర్రాళ్లు నడుపుతున్నారు, రాత్రి లెక్కలు మాత్రం నేను రాస్తాను. కాబట్టి నేను చెప్పేవాటిలో కొన్ని చట్టంలో ఉన్నవి, కొన్ని ఆ లెక్కల పుస్తకంలో ఉన్నవి.

కిరాయి అంటే దూరానికి ధర అని మనకు మీటరు రోజుల నుంచీ అలవాటు. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని రూపాయలు. యాప్ ఆ లెక్క ఎప్పుడో వదిలేసింది. ఆ నిమిషంలో, ఆ చోటికి, ఒక ఖాళీ కారును రప్పించడానికి ఎంత పెడితే డ్రైవరు కదులుతాడు, ఎంత చెబితే మీరు సరే అంటారు అన్నది దాని లెక్క. నగరం మొత్తాన్ని తేనెపట్టు గదుల్లాంటి చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలో ఎంతమంది కారు కోసం చూస్తున్నారు, ఎన్ని కార్లు ఖాళీగా ఉన్నాయి అని లెక్కపెడుతూ ఉంటుంది. అందుకే రోడ్డు దాటితే ధర మారుతుంది, పది నిమిషాలు ఆగితే ధర మారుతుంది.

ఇప్పుడు అదే ఏడు గంటలకు డ్రైవరు తెర ఎలా ఉంటుందో చెబుతాను. మైండ్‌స్పేస్, రాయదుర్గం, గచ్చిబౌలి చుట్టూ మ్యాపు ముందు నారింజ రంగుకు, తర్వాత ఎరుపుకు తిరుగుతుంది. అక్కడ గిరాకీ పెరిగి ధర ఎక్కిందని దాని అర్థం. కూకట్‌పల్లిలో ఖాళీగా ఉన్న నాకు అది కనిపిస్తుంది. సిద్ధాంతం ప్రకారం నేను ఎరుపు వైపు పరుగెత్తాలి, నాలాంటివాళ్లు వంద మంది చేరగానే ధర దిగాలి. కాగితం మీద చక్కగా ఉంటుంది. కానీ ఆ వేళకు జేఎన్‌టీయూ నుంచి మైండ్‌స్పేస్ చేరడానికి ముప్పావుగంట. ఇంధనం కాలుతుంది, క్లచ్చు అరుగుతుంది, చేరేసరికి ఎరుపు వెలిసిపోయి ఉంటుంది. మొదటి ఆరు నెలలు నేనూ ఆ రంగుల వెంట తిరిగాను. తర్వాత మానేశాను. పాత డ్రైవర్లెవరూ తిరగరు, ఎండమావి వెంట పోయినట్టే అని తెలుసు కాబట్టి. అంటే హైదరాబాద్ సాయంత్రాల్లో పెరిగిన ధర కొత్త కార్లను పెద్దగా తీసుకురాదు. దారులన్నీ మూసుకుపోయి ఉంటే ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్న నాలుగు కార్లు ఎవరికి దక్కాలో మాత్రం తేలుస్తుంది. 690 అనగానే పదిమందిలో ఆరుగురు ఫోను జేబులో పెట్టుకుంటారు, మిగతా నలుగురికి కార్లు దొరుకుతాయి. ధర పెంచితే సరఫరా పెరుగుతుంది అన్న వాదన పూర్తిగా అబద్ధం కాదు. రాత్రి పదకొండింటికి, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు నేనే పది కిలోమీటర్లు వెళ్లి ఎక్కించుకున్నాను. సాయంత్రం ఏడింటికి మాత్రం అది సగం నిజం కూడా కాదు.

కుమ్మక్కు సంగతి. 2019లో అమెరికాలో, వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయం దగ్గర డ్రైవర్లు ఒకేసారి యాప్ ఆపేసి, ధర ఎగబాకగానే మళ్లీ తెరిచేవారని అక్కడి టీవీ ఛానెల్ బయటపెట్టింది. ఆ వార్త మన శంషాబాద్ పార్కింగుకూ చేరింది. అక్కడ గంటల తరబడి వరుసలో కూర్చునేవాళ్లం, తీరిక బోలెడు. మావాళ్లూ రెండు రోజులు ప్రయత్నించారు. వందమందిలో పదిమంది మాట తప్పారు, ఆ పదిమందికే డ్యూటీలు, అంటే ట్రిప్పులు, పడ్డాయి, మూడో రోజుకు ఎవరి ఫోను వాళ్లు తెరుచుకున్నారు. ఈఎంఐ తేదీ దగ్గరపడ్డవాడికి ఐకమత్యం గుర్తుండదమ్మా.

మీ ఫోనుకూ మీ సహోద్యోగి ఫోనుకూ తేడా ఎందుకు వచ్చిందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. ఐఫోనుకు ఒక ధర, ఆండ్రాయిడ్‌కు ఒక ధర చూపిస్తున్నారన్న ఆరోపణపై 2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలాకు, ఊబర్‌కు నోటీసులిచ్చింది. ఫోనును బట్టి ధర నిర్ణయించడం లేదని రెండూ చెప్పాయి. బ్యాటరీ కథకు మూలం 2016 నాటిది. ఊబర్‌లో ఆర్థిక పరిశోధన చూసే కీత్ చెన్ అనే ఆయన ఒక రేడియో కార్యక్రమంలో, బ్యాటరీ అడుగంటినవాళ్లు పెరిగిన ధరకు సులువుగా ఒప్పుకుంటారని తమకు తెలుసన్నాడు. ధర పెంచడానికి ఆ సమాచారం వాడటం లేదని కూడా అన్నాడు. మొదటి సగం ప్రపంచమంతా తిరిగింది, రెండో సగం ఎవరికీ గుర్తు లేదు. నమ్మాలో వద్దో మీ ఇష్టం. అయితే అంత దూరం వెళ్లకముందు చూడాల్సినవి దగ్గర్లోనే ఉన్నాయి.

మా మేనల్లుడూ అతని భార్యా ఒకసారి కొండాపూర్‌లో నా ఎదుటే ఈ తగువు పెట్టుకున్నారు. ఇద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుని సికింద్రాబాద్ స్టేషనుకు కారు చూస్తున్నారు. అతనికి 412, ఆమెకు 348. ఖరీదైన ఫోను అతనిది. ఇంకేముంది, కుట్ర తేలిపోయింది! రెండు ఫోన్లూ తీసుకుని మ్యాపు పెద్దది చేసి చూశాను. కారు ఎక్కే చోటును చూపే గుర్తు, అదే పిన్, ఆమె ఫోనులో వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు మీద ఉంది. అతనిది లోపలి గోడ మీదుగా జారి, డివైడర్‌కు అవతలి రోడ్డు మీద పడింది. అవతలి వైపు ఎక్కితే స్టేషను వైపు తిరగాలంటే ముందుకు పోయి యూటర్న్ తీసుకోవాలి. మన ఊళ్లో చౌరస్తాలు మూసేసి యూటర్న్‌లు పెట్టాక అదెంత దూరమో మీకు తెలుసు. దానికి ఆ వేళ ట్రాఫిక్ సమయం కలిసింది. పిన్ జరిపి గేటు మీద పెడితే అతనిదీ 355కు దిగింది. మిగిలిన ఏడు రూపాయలు ఎందుకంటే నేను చెప్పలేను, ఎవరో ఒకరికి కూపన్ తగిలి ఉండవచ్చు. పిన్ తర్వాత చూడాల్సింది అదే. అప్పుడప్పుడు ఎక్కేవాళ్లకు ఆశ పెడతారు, రోజూ ఎక్కేవాళ్లకు ఎలాగూ ఎక్కుతారని పెట్టరు. నిత్య గిరాకీకి రెండు రూపాయలు తగ్గించేది కిరాణా కొట్టువాడు. ఇక్కడ తిరగబడింది.

ఇక అసలు సంగతి. మీ కోపం 690 మీద ఉంది. నా కోపం ఇంకో అంకె మీద ఉంది, అది మీకు కనిపించదు.

వానాకాలంలో ఒక రాత్రి. గచ్చిబౌలిలో ఒక కుర్రాడు ఎక్కాడు, నాగోలు వెళ్లాలి. తల తుడుచుకుంటూ, "ఈ రోజు మీకు పండగే కదన్నా" అన్నాడు. మాటలో చురక ఉంది. ఎందుకు బాబూ అంటే ఫోను చూపించాడు, 812. బయోడైవర్సిటీ చౌరస్తా దగ్గర బండి కదలడం లేదు, వైపర్లు కొట్టుకుంటున్నాయి. దిగేటప్పుడు ట్రిప్పు ముగించి నా తెర అతని వైపు తిప్పాను. 486. అతను రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. 812లో ఐదు శాతం జీఎస్‌టీ, 39 రూపాయలు అనుకోండి. 486 నాది. మిగతా 287? కారు నాది, డీజిలు నాది, ఆ వానలో రెండు గంటలు కూర్చున్న నడుము నాది. అతను ఇంకేమీ అనలేదు, వెళ్తూ వెళ్తూ యాభై నోటు సీటు మీద పెట్టాడు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ప్రయాణికుడు ఎంత కట్టాడో మాకు తెలిసేది, అందులో నూటికి ఇరవయ్యో పాతికో కమిషన్ పోయేది, మిగిలింది మాది. ఎక్కకముందే మొత్తం ధర చెప్పే పద్ధతి వచ్చాక ఆ తాడు తెగిపోయింది. మీకు చెప్పే ధర ఒక లెక్క, మాకు ఇచ్చేది ఇంకో లెక్క. ఎప్పుడూ యాప్‌కే లాభమని కూడా అనను. నా పుస్తకంలో తిరగబడిన రోజులూ ఉన్నాయి: ప్రయాణికుడు ఆఫర్‌లో 168 కట్టిన ట్రిప్పుకు నాకు 190 వచ్చింది. 2016 ప్రాంతంలో కిలోమీటరు ఆరు రూపాయలే అని ప్రకటనలు వేసిన కాలంలోనైతే మీ కిరాయిలో సగం ఎక్కడో ఉన్న పెట్టుబడిదారుడు కట్టేవాడు. మాకు ప్రోత్సాహకాలు, మీకు చవక కిరాయిలు. ఆ ఊపులోనే ఊళ్లలో పొలం తాకట్టు పెట్టి కార్లు కొన్నవాళ్లను నేనెరుగుదును. పెట్టుబడిదారుడు చేయి తీసేశాక ఆ భారం ఇద్దరి మీదా పడింది. మీరు ఇప్పటికీ ఆనాటి ధర మనసులో పెట్టుకుని 690ని కొలుస్తున్నారు. అది ఏనాడూ అసలు ధర కాదు.

చట్టం ఏమంటోంది అని కూడా అడిగారు. 2020 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, ధర ఎంత పెరిగినా మూల ఛార్జీకి ఒకటిన్నర రెట్లు దాటకూడదని ఉంది. 2025 జూలైలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు రద్దీ వేళల్లో దాన్ని రెండు రెట్ల దాకా పెంచాయి. కిందికి తగ్గించినా సగానికంటే తగ్గకూడదు. సొంత కారు నడిపేవాడికి కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలని కూడా ఉంది. పైన చెప్పిన 812, 486 లెక్కను దీని పక్కన పెట్టి చూసుకోండి. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆ మూల ఛార్జీ ఎంతో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించాలి. అది ప్రకటించనిచోట రెండు రెట్లంటే దేనికి రెట్లు? కర్ణాటక 2024లో ఆ పని చేసింది: పది లక్షల లోపు ఖరీదున్న కారుకు మొదటి నాలుగు కిలోమీటర్లకు 100, ఆపైన కిలోమీటరుకు 24 అని అంకెలు రాసిచ్చింది. అమలు సంగతి వేరు, కనీసం వాదించడానికి ఒక కాగితం ఉంటుంది.

పాత ఆటోల్లో రాత్రి పదకొండు దాటితే మీటరు మీద ఒకటిన్నర అడిగేవాళ్లు, గుర్తుందా? తిట్టుకుంటూనే ఇచ్చేవాళ్లం. ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఎంతకు ఎంత అన్నది అందరికీ తెలుసు కాబట్టి ఆ తిట్టు కాసేపటికే చల్లారేది. యాప్‌లో పెరిగిన అంకె కనిపిస్తుంది, పెంచిన సూత్రం కనిపించదు. మొదట్లో ఇన్ని రెట్లు అని తెర మీదే చెప్పేవాళ్లు. ముందే మొత్తం ధర చెప్పే పద్ధతి పేరుతో అదీ తీసేశారు. నా దృష్టిలో మీ చిరాకుకు అసలు కారణం ఈ దాపరికమే. ధర పెరగడం దాని తర్వాతే.

డ్రైవరు ఫోను చేసి "ఎక్కడికి, ఎంత చూపిస్తోంది, నగదా ఆన్‌లైనా" అని అడిగి రద్దు చేస్తాడని రాశారు. అది తప్పే, సమర్థించను. మా కుర్రాళ్లు చేస్తే నేను కేకలేస్తాను. కొత్త మార్గదర్శకాల ప్రకారం సరైన కారణం లేకుండా రద్దు చేస్తే డ్రైవరుకైనా ప్రయాణికుడికైనా కిరాయిలో పది శాతం, వంద రూపాయలకు మించకుండా జరిమానా. కానీ ఎందుకు అడుగుతాడో తెలిస్తే మీకు కొంత పని సులువవుతుంది. మీ దగ్గరికి రావడానికి మూడు కిలోమీటర్లు ఖాళీగా నడపాలి. మీరు దిగేచోట గిరాకీ లేకపోతే వెనక్కి ఖాళీగా రావాలి. కొత్తపేట ఆ విషయంలో మంచి చోటు, దిల్‌సుఖ్‌నగర్ పక్కనే కాబట్టి మరో డ్యూటీ పడుతుంది. శంకర్‌పల్లి వైపో ఘట్‌కేసర్ వైపో రాత్రి వెళ్లాల్సినవాళ్ల కష్టం మీకంటే ఎక్కువ. ఇక నగదు ఎందుకంటే, సాయంత్రం బంకులో ఇంధనం పోయించుకోవడానికి చేతిలో డబ్బు కావాలి. ఆన్‌లైన్ డబ్బు యాప్ బాకీలన్నీ మినహాయించుకున్నాక ఖాతాకు చేరుతుంది.

ఆటోల గురించి ఒక్క మాట. ఆటో డ్రైవర్ల దగ్గర ట్రిప్పుకింత అని కమిషన్ తీసుకోవడం మానేసి రోజుకింత అని రుసుము తీసుకునే పద్ధతికి పెద్ద యాప్‌లన్నీ వచ్చేశాయి. డ్రైవరుకు మేలే. మీకు మాత్రం తెర మీది ధర ఒక సూచన అయిపోయింది, ఎక్కాక "ఇంకో ముప్పై ఇవ్వండి మేడమ్" మొదలైంది. ఎక్కకముందే టిప్ ఎంతిస్తారో చెప్పమనే బటన్ కూడా వచ్చింది, అదీ వేలంపాటే. దాని మీదా 2025 మే నెలలో కేంద్ర ప్రాధికార సంస్థ నోటీసు ఇచ్చింది. హైదరాబాద్ ఆటో మీటరు ధర 2014లో పెట్టినది: మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, తర్వాత కిలోమీటరుకు 11. ఆ ధరకు ఎవడొస్తాడు? ఏళ్ల తరబడి సవరించని అధికారిక ధర లేనిదానితో సమానం. బేరానికి తలుపు తెరిచింది అదే.

మీ దారికి నేనైతే ఏం చేస్తానో చెబుతాను. సాయంత్రం మాదాపూర్ నుంచి కొత్తపేట దాకా కారు ఎక్కడం డబ్బూ సమయమూ రెండూ వృథా. ఆఫీసు దగ్గర మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే, ఎల్బీనగర్ వెళ్లే ఎర్ర లైనులో విక్టోరియా మెమోరియల్ స్టేషను కొత్తపేటలోనే ఉంది. అక్కడి నుంచి ఆటోకు ఇచ్చేదెంత? సామానున్న రోజో ఒంట్లో బాగాలేని రోజో కారే కావాలంటే, ఆరుంబావు లోపల బయల్దేరండి, లేదా ఎనిమిదిన్నర దాటాక. ఆ మధ్య రెండు గంటలే మొత్తం పోటీ. టెక్ పార్కు లోపలి నుంచి బుక్ చేయకండి. లోపలికి రావడానికే డ్రైవరుకు పావుగంట, సగం రద్దులు అక్కడే జరుగుతాయి. మీరు వెళ్లాల్సిన దిక్కుకు ఉన్న రోడ్డు పక్కకు నాలుగు అడుగులు నడిచి, పిన్‌ను వేలితో పట్టుకుని సరిగ్గా అక్కడ పెట్టండి. రెండు మూడు యాప్‌లు చూడండి, కానీ ఒకేసారి మూడింట్లో బుక్ చేసి రెండు రద్దు చేయకండి, దయచేసి. అవతల ఇద్దరు డ్రైవర్లు మీకోసం యూటర్న్ తిరిగి ఉంటారు. వాన మొదలైన మొదటి ఇరవై నిమిషాల్లో అసలు ఫోను తీయకండి. ఆ గడిలో అందరూ ఒక్కసారే తీస్తారు. విమానాశ్రయానికైతే పుష్పక్ బస్సు ఉండగా ఆదివారం రాత్రి కారు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

మొదట చెప్పిన ధరకూ చివర కట్టించుకున్న ధరకూ తేడా వస్తే మాత్రం వదలకండి. బుక్ చేసేటప్పటి తెరను ఫొటో తీసి పెట్టుకోండి. దారి మార్చినా, మధ్యలో ఆపినా పెరుగుతుంది, అది న్యాయమే. ఏమీ చేయకుండా పెరిగితే యాప్‌లోనే ముందు ఫిర్యాదు పెట్టండి, తేలకపోతే 1915కు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మా ఇంట్లోవాళ్లకు ఒకసారి 140 రూపాయలు అలాగే వెనక్కి వచ్చాయి. దిగేటప్పుడు డ్రైవరును మీకెంత వచ్చిందని అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది చూపిస్తారు.

మొన్న ఆదివారం నేనే ప్రయాణికుణ్ని. ఉప్పల్‌లో పెళ్లి, అక్కడి నుంచి మెహిదీపట్నం రావాలి. భోజనాలు ముగిసి అందరూ ఒక్కసారే బయటికొచ్చారు, 548 చూపించింది. ఫంక్షన్ హాలు ఎదుట బండి మీద టీ తాగి, రెండో టీ కూడా తాగి మళ్లీ చూస్తే 396. వచ్చిన డ్రైవరు నల్గొండ కుర్రాడు, కారు కొని ఏడాది. దిగేటప్పుడు అడిగితే ఫోను ఇటు తిప్పాడు, 291. ఇంటికొచ్చి ఆ రెండు అంకెలూ పక్కపక్కనే నా పుస్తకంలో రాసి పెట్టాను.